పత్తి చేలో మా సంఘీభావం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లం పొద్దున లేవగానే ముందు టీవీ పెట్టి, ఇవాళ బంద్ ఉందో లేదో చూసుకుని, ఆ తరవాతే పళ్లు తోముకునేవాళ్లం. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న కాలం. బంద్ అయితే బస్సులుండవు, బస్సుల్లేకపోతే కోచింగ్ ఉండదు, కోచింగ్ లేకపోతే నాకు వేరే పనే లేదు. గ్రూప్స్ పరీక్ష కోసం మూడో ఏడు చదువుతున్నాను (మూడో ఏడంటే రెండుసార్లు తప్పానని కాదు, పరీక్ష వాయిదా పడుతూ వచ్చింది. ఈ తేడా మా నాన్నకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు). మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న కుటుంబం. బంద్ రోజున ఇంట్లో మావాళ్లతో కలిసి విసుక్కోవడం, వీధిలోకి వచ్చాక ఉద్యమం చేసేవాళ్లతో కలిసి తల ఊపడం నాకు బాగా అలవాటైపోయింది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఇంత పిరికిగా బతకడమేమిటని రాత్రిళ్లు బాధపడేవాణ్ని, పొద్దున్నే మళ్లీ తల ఊపేవాణ్ని.

ఇలా ఉండగా మా కోచింగ్ సారు ఒకరోజు క్లాసులో, "ఇంటర్వ్యూలో సమాజానికి నువ్వేం చేశావయ్యా అని అడుగుతారు, అప్పుడు పైకప్పు చూస్తే ఉద్యోగం రాదు" అన్నారు. సమాజానికి నేనేం చేశానా అని ఆ సాయంత్రమంతా ఆలోచించాను. ఒకసారి రక్తదానానికి వెళ్లి సూది చూసి వెనక్కొచ్చాను. అంతకుమించి ఏమీ తట్టలేదు. మర్నాడే వెళ్లి మా కాలనీలో ఉన్న ఒక చిన్న సేవాసంఘంలో చేరిపోయాను. వ్యవసాయ కూలీలకి న్యాయం జరగాలని మాట్లాడటం, దసరా సెలవుల్లో వాళ్ల పిల్లల్ని ఊళ్ల నుంచి తీసుకొచ్చి మన్సూరాబాద్‌లో పదిరోజుల శిబిరం నడపడం ఆ సంఘం పని. పిల్లలకి కంప్యూటర్, ఇంగ్లీషు, చట్టాలు నేర్పేవాళ్లు. మంచి పనే. అధ్యక్షుడు రిటైరైన ఆఫీసరు, గోదావరి జిల్లా మనిషి. ఆయనకి ఏం తోచినా తీర్మానం చేసేవారు కాబట్టి మేమంతా చాటుగా తీర్మానం గారు అనుకునేవాళ్లం. ఫ్యాను తిరక్కపోతే దాని మీదా ఒక తీర్మానం ఉండేది.

నన్ను మొదట విరాళాలకి పంపారు. రసీదు పుస్తకం పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ బట్టల కొట్లన్నీ తిరిగాను. ఆ రోజుల్లో రసీదు పుస్తకంతో ఎవరొచ్చినా ఉద్యమం చందాయే అనుకునేవారు. ఒక సేటు గల్లాపెట్టె తెరవబోయి, నా మాట విని చెయ్యి ఆపేశాడు. "మాటనేమో అటు దిక్కుది, చందానేమో కూలోళ్ల పిల్లలకంటవ్. ఏంది భాయ్ నీ సంగతి?" అన్నాడు. నేను వెంటనే నాకొచ్చిన తెలంగాణలోకి దిగి, "గట్ల కాదు సేటూ, మేం గీ పిల్లలకి గీ శిబిరం గీ..." అని మొదలుపెట్టాను. అంతకుమించి గీలు దొరకలేదు. సేటుకి జాలేసినట్టుంది, పదిహేను దుప్పట్లు ఇచ్చి, "నీ తీరుగ నువ్వు మాట్లాడు తమ్మీ, మాకు సమజైతది" అన్నాడు. నాకు చాలా అవమానమైంది. దుప్పట్లు మాత్రం బాగున్నాయి.

శిబిరం ఇంకో నాలుగు రోజులుందనగా తీర్మానం గారు సమావేశం పెట్టారు. "పిల్లలొచ్చే ముందు వాళ్ల తల్లులు పడే కష్టం ఏమిటో మనం అనుభవించి తెలుసుకోవాలండీ. ఒక రోజు పత్తి ఏరదాం, శ్రమదానం. కూలీలకి మన సంఘీభావం" అన్నారు. తీర్మానం ఏకగ్రీవం. ఆయనకి పొద్దున నడకలో పరిచయమైన ఒక పటేలు ఉన్నాడు. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు, విజయవాడ రోడ్డు మీద గంటన్నర దూరంలో ఊరు, ఆ ఊళ్లో ఇరవై ఎకరాల పత్తి. ఆయనకి ఫోన్ చేస్తే ఎగిరి గంతేసినంత పని చేశాడట. "పండుగని కూలోళ్లు జర సెలవు పెట్టిండ్రు సారూ, మీరు రాండ్రి. బండి నేనే పంపుతా" అన్నాడట. ఎంత మంచి మనిషి అనుకున్నాం. మర్నాడు పొద్దున ఆరింటికి ఎల్‌బీ నగర్ చౌరస్తాకి మెత్తటి సీట్లున్న వ్యాను వచ్చింది. పద్నాలుగు మందిమి టోపీలు, నీళ్ల సీసాలు, పులిహోర డబ్బాలతో ఎక్కాం. నేను ఇంటర్వ్యూలో చెప్పడానికి పనికొస్తుందని ఒక నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లాను.

ఊరి మొగదల కల్వర్టు మీద పాతికమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరూ కూలీలేనని చూడగానే తెలిసిపోయింది. నా గుండె పొంగింది. వ్యాను కిటికీలోంచి సగం బయటికొచ్చి పిడికిలి బిగించి పైకెత్తాను. ఒక్కరూ చెయ్యి ఊపలేదు. ఒకావిడ పక్కకి తిరిగి ఉమ్మేసింది. పాపం సిగ్గరులు అనుకున్నాను (ఇప్పుడు ఆ పిడికిలి గుర్తొస్తే ఒంటరిగా ఉన్నప్పుడు కూడా చెయ్యి జేబులో పెట్టుకుంటాను).

పటేలు మమ్మల్ని చేను దగ్గర దింపి, నడుముకి ఒడి ఎలా కట్టుకోవాలో చూపించి, మబ్బులు కమ్ముతున్నాయి, వాన పడేలోగా ఎంత ఏరితే అంత మేలని చెప్పి టిఫినుకి వెళ్లిపోయాడు. పత్తి ఏరడమంటే పువ్వు కోసినట్టు ఉంటుందనుకున్నాను. పగిలిన కాయ అంచులు సూదుల్లా ఉంటాయని ఏ పుస్తకంలోనూ చదవలేదు. నాలుగు కాయలకే వేళ్లు చీరుకుపోయాయి. దూది పట్టుకుని లాగితే సగం కాయలోనే ఉండిపోయేది, గట్టిగా లాగితే తొక్క, ఎండాకు, పుల్ల అన్నీ కలిసి వచ్చేవి. వచ్చినదాన్ని వచ్చినట్టు ఒడిలో వేసుకున్నాను. పురుగు పట్టి పసుపు రంగుకి తిరిగింది ఉంటే అది వేరే రకం కాబోలనుకుని అదీ వేశాను. పక్క సాలులో తీర్మానం గారు విచ్చుకోని కాయల్ని గోళ్లతో విప్పుతున్నారు. రెండు గంటలయ్యేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. అయినా పళ్లబిగువున ఏరాను.

పదకొండింటికి కల్వర్టు దగ్గరి ఆడవాళ్లు వచ్చి చేని గట్టు మీద కూర్చున్నారు. వాళ్ల గుంపుకి పెద్ద ఒకావిడ, యాభై ఏళ్లుంటాయి, నా దగ్గరికి వచ్చింది.

"ఎవలు సారూ మీరు? యాడికెల్లి వచ్చిండ్రు?"

"హైదరాబాద్ నుంచి పెద్దమ్మా. మీలాంటివాళ్ల పిల్లలకి సెలవుల్లో శిబిరం నడుపుతాం. మీకు అండగా ఉందామని వచ్చాం" అన్నాను. గీల జోలికి పోలేదు.

"మాకు అండగనా?" అని ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "మేం పని బంద్ వెట్టి మూడు రోజులాయె. ట్రాలీ ఆటోల ముప్పయి మందిని నిలవెట్టి తోల్కపోతడు. మొన్న మలుపుకాడ బోల్తా పడ్డది. మా మరదలుకు చెయ్యి ఇరిగి దవాఖానల ఉన్నది. కూసొని పోయే బండి వెట్టేదాకా పత్తి ముట్టం అన్నం. ఇయ్యాలో రేపో దిగొస్తుండె పటేలు. గంతల మీరొచ్చి ఏరవడితిరి. మాకు వెట్టమన్న బండేమో మీకు వెట్టిండు."

నగరమంతా సమ్మెలు, బంద్‌లు. ఇన్నాళ్లూ వాటిలో దేనిలోనూ ధైర్యంగా నిలబడలేదు. చివరికి నిలబడదామని గంటన్నర ప్రయాణం చేసి, మెత్తటి సీట్లలో కూర్చుని వచ్చి, పాతికమంది ఆడవాళ్ల సమ్మెని స్వహస్తాలతో పాడుచేస్తున్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, కాస్త ఏడ్చాను కూడా. ఒడి ముడి విప్పబోతూ, "తెలీదు పెద్దమ్మా, ఇప్పుడే అందరం వెళ్లిపోతాం" అన్నాను. విషయం విన్న తీర్మానం గారు అప్పటికే నినాదం ఇవ్వడానికి గొంతు సవరించుకుంటున్నారు.

ఆవిడ మాత్రం నా ఒడిలో చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీసింది. వేళ్లతో విడదీసి చూసింది. తొక్క, ఆకు, పుల్ల, పసుపు దూది. తీసుకెళ్లి గట్టు మీది వాళ్లకి చూపించింది. వాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తిరిగొచ్చినప్పుడు ఆవిడ మొహం మారిపోయింది.

"నువ్వేరినవా ఇది?"

"అవును పెద్దమ్మా."

"అందరు గిట్లనే ఏరిండ్రా?"

"అందరిలోకి నేనే కాస్త నయం" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

"అయితే పోకుండ్రి. గట్లనే ఏరుండ్రి, పొద్దుమీకేదాక. పెద్దసారూ, మీరు సప్పుడు చెయ్యకుండ్రి, మంచిగ ఏరుతున్నరు" అంది తీర్మానం గారితో. ఆయనకి అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక, "ఇది తీర్మానంలో లేదు కదండీ" అన్నారు. ఆవిడ చూసిన చూపుకి మళ్లీ సాలులోకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నమంతా ఏరాం. మిత్రులు కొందరు కావాలని ఆకులు కలిపారు. నేను మాత్రం ఎంతో శ్రద్ధగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని, శుభ్రంగా ఏరాలనే ప్రయత్నించాను. కుట్ర చేయడం నాకు మనస్కరించలేదు. సాయంత్రం చూస్తే అందరి కుప్పల్లోకి నాదే ఘోరంగా ఉంది. నాలుగున్నరకి పటేలు వచ్చాడు. నా కుప్పలోంచి గుప్పెడు తీసి, విడదీసి, వాసన చూసి, కుప్ప పక్కనే చతికిలబడ్డాడు.

"సారూ, మీరేం సదువుకున్నరు?" అని అడిగాడు నన్ను.

"ఎం.ఏ. అండీ."

ఆయన చేతిలోది మళ్లీ కుప్పలోకి పారేశాడు. ఆ పత్తిని వ్యాపారి కన్నెత్తి చూడడు. దూది దూది విడదీసి చెత్త ఏరాలి, ఆ పని తెలిసినవాళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నారు. మిగిలిన చేను అలాగే ఉంది, మబ్బు ఇంకా నల్లబడింది. పటేలు కాసేపు ఆకాశంవైపు చూసి, కాసేపు మావైపు చూసి, చివరికి గట్టువైపు నడిచాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో దూరానికి మాకు వినపడలేదు. పెద్దమ్మ కూర్చునే మాట్లాడింది, ఆయన నిలబడి మాట్లాడాడు. కాసేపటికి ఆవిడ లేచి కొంగు దులుపుకుని, "రేపటికెల్లి వ్యానొస్తదట. నడువుండ్రి" అంది తనవాళ్లతో. రేపటిదాకా ఆగకుండా అప్పుడే మమ్మల్ని తెచ్చిన వ్యానెక్కి ఊళ్లోకి వెళ్లిపోయారు. పిల్లల్ని శిబిరానికి పంపమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆవిడే కిటికీలోంచి తల బయటపెట్టి, "మా పిల్లలను ఎప్పుడు తోలమంటవ్ కొడుకా?" అంది.

వ్యాను వెళ్లిపోయింది కాబట్టి మేం మెయిన్ రోడ్డు దాకా ట్రాలీ ఆటోలో వెళ్లాల్సొచ్చింది. పద్నాలుగు మందిమి నిలబడ్డాం. పట్టుకోవడానికి పక్కవాడి చొక్కా తప్ప ఏమీ లేదు. అదే మలుపు దగ్గర బండి ఒరిగినప్పుడు తీర్మానం గారు నన్ను కావలించుకుని కళ్లు మూసుకున్నారు. మేం వాళ్లలో సగం మందిమి కూడా లేం. ఇందులో ముప్పయిమంది రోజూ ఎలా వెళ్లేవారో ఊహించుకుంటేనే భయమేసింది. ఆ ఏడు శిబిరానికి ఆ ఊరి నుంచే పదకొండు మంది పిల్లలొచ్చారు. నేను కూలీల హక్కుల గురించి పాఠం చెబుతుంటే ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి, "మీరేనా సార్, గా పత్తి ఏరింది?" అని అడిగింది. ఆ తరవాత పాఠం సాగలేదు.

తరవాతి దసరాకి నాకో చిన్న ప్రైవేటు ఉద్యోగం దొరికింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా పెద్దమ్మ ఫోన్ చేసింది. "కొడుకా, చేనుకాడ నీళ్ల డ్రమ్ము పెట్టమంటే పటేలు మళ్ల మొండికేసిండు. మీ పెద్దసారును, ఆ పద్నాలుగు మందిని తీస్కొని ఒక్కనాడు వచ్చి ఏరిపో" అంది. కొత్త ఉద్యోగం, సెలవు దొరకదని చెప్పాను. కావాలంటే డ్రమ్ముకి డబ్బు పంపిస్తానన్నాను.

"పైసలు ఎవలన్న ఇస్తరు కొడుకా" అంది. "గట్ల ఏరెటోళ్లు మాకు యాడ దొరుకుతరు?"

నవ్వాను, కానీ వెళ్లలేదు. ఇప్పుడు ఎల్‌బీ నగర్ దాకా మెట్రో వచ్చింది, తీర్మానం గారు లేరు, శిబిరం మాత్రం ఎవరో కుర్రాళ్లు నడుపుతున్నారు. ఏటా దసరా ముందు ఫోన్‌లోంచే విరాళం పంపుతాను, వెంటనే ధన్యవాదాలని సందేశం వస్తుంది, ఆ ఏటికి నా సేవ అయిపోతుంది. అప్పుడప్పుడు ఆ ఇరవై నాలుగేళ్ల వెర్రిబాగులవాణ్ని తలుచుకుని నవ్వుకుంటాను, కొంచెం అసూయ కూడా పడతాను. వాడికి పని రాదు, భాష రాదు, ఎవరి మీద ఎవరు సమ్మె చేస్తున్నారో కూడా తెలీదు. అయినా పొద్దున ఆరింటికి లేచి, ఎవరూ పిలవకుండానే వెళ్లాడు.