పెన్‌డ్రైవ్‌లో దొరికిన శుభలేఖ

కరెంటు పోతే తిట్టుకుంటాను గానీ, దయ్యం అనుకునే రకం కాదు నేను. మా ఆయన పోయాక ఎవరైనా వచ్చి నిన్న కలలో కనిపించాడని చెబితే, వినేసి పనిలో పడేదాన్ని.

నరసరావుపేటలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులే మాకు తిండి పెడతాయి. ఆయన పోయేనాటికి మా అమ్మాయి లావణ్య పదో తరగతి. అప్పట్నుంచి షాపు నేనే చూసుకుంటున్నాను.

పోయినేడు లావణ్యకి పెళ్లి కుదిరింది. కార్డు తమ దంపతుల పేరు మీద వేయిద్దామన్నారు మా బావగారు. ఆయన్నేమీ అనను, ఆచారమే అంత. నేను టైపు చేసిన ఇన్ని కార్డుల్లో, భర్త పోయిన తల్లి పేరు ఆహ్వానించేవాళ్ల చోట ఉంటే ఒట్టు. కానీ నా బిడ్డ కార్డు దగ్గరికొచ్చేసరికి ఏడుపొచ్చింది. ఒక్కదాన్నే పెంచుకున్నాను మరి.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయించింది. మెకానిక్ మస్తాన్ అన్న వచ్చి, హార్డ్ డిస్క్ పోయిందని తేల్చి, దాని బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేశాడు. మా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు. అందుకని మళ్లీ ఆ పాత విండోసే ఎక్కించాడు.

కంప్యూటర్ వెనకాల ఒక పెన్‌డ్రైవ్ ఉంది. మెమరీ చాలక కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని, కాస్త ఊతంగా ఉంటుందని మా ఆయన గుచ్చాడు. పాత విండోస్‌లో ఆ సదుపాయం ఉండేది. తర్వాత దాన్నెవరూ ముట్టుకోలేదు. ఎస్‌ఎస్‌డీ ఉండగా ఇక అదెందుకని మస్తాన్ అన్న పీకేశాడు.

"ఇందులో మనం చదివేదేం ఉండదు చెల్లెమ్మా. అంతా కంప్యూటర్ తనకోసం రాసుకున్నదే" అన్నాడు.

చెరిపేసి నాకిద్దామని మళ్లీ పెడితే, తప్పులున్నాయేమో చూడమంటారా అని విండోస్ అడిగింది. సరేనన్నాడు. కాసేపటికి తెగిపోయిన ముక్కల్లోంచి ఒక ఫైలు తేలింది. పేరు లేదు, ఉత్త నంబరు. కార్డులు చేసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను.

శుభలేఖ. అంచు చుట్టూ మల్లెమొగ్గలు. ఆ మొగ్గల్ని మా ఆయన తప్ప ఇంకెవరూ అలా గీయరు. వరుడి పేరు చోటు ఖాళీ. వధువు లావణ్య, బి.ఎస్సీ. నర్సింగ్. తండ్రి పేరుకి ముందు కీ.శే. అని ఉంది. కింద, ఆహ్వానించువారు అన్నచోట నా పేరు. నాదొక్కదానిదే.

లావణ్యని ఇంజనీరింగ్ చదివించాలనుకున్నాడాయన. ఆస్పత్రిలో వాళ్ల నాన్నకి సేవ చేసిన నర్సుని చూసి, ఆయన పోయాక అది నర్సింగ్‌లో చేరింది. తేదీ చూద్దామంటే, ఫైలు మీద ఆ రోజు తేదీయే పడింది. తేలిన ఫైళ్లకి అంతేనట. మస్తాన్ అన్న డబ్బులు కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

ప్రింటు తీసి, ఎలా దొరికిందో చెప్పి బావగారి చేతికిచ్చాను. ఆ మొగ్గల్ని వేలితో తడిమి, తమ్ముడి పేరు పైకి చదివారు.

"వాడు చెప్పాక ఇంకేందమ్మా. ఇట్టాగే ఏయించు" అన్నారు.

నిద్రలో నేనే చేశానేమోనని కూడా ఆలోచించాను. నాకు ఆ మొగ్గలు గీయడం రాదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఆయన మీద బెంగ మాత్రం ఆ రోజు కొంచెం తీరింది.

మొదటి కార్డు మా తోడికోడలికి ఇచ్చాను. కుంకుమ భరిణె పట్టుకుని, పెట్టొచ్చో లేదో తెలీక ఆమె ముందు నిలబడిపోయాను. ఆమే నుదురు ముందుకు వంచింది.