సాఫ్‌గా వచ్చిన ఎక్స్‌రే

మా అన్న చేతిలోంచి వెల్డింగ్ హోల్డర్ జారి పడిందని వదిన ఫోన్ చేసినప్పుడు నేను నిజామాబాద్‌లో మా మందుల దుకాణంలో ఒకాయనతో కొట్లాడుతున్నాను. డాక్టరు చీటీ లేకుండా పిల్లకు యాంటీబయాటిక్ కావాలట. ఇవ్వనన్నాను. "పక్క దుకాణంల ఇస్తరు" అన్నాడు. "మరి ఆడికే పో, నా మొఖం చూడనీకె వచ్చినవా?" అన్నాను. అంతలో ఫోన్ మోగింది.

వదిన గొంతు మామూలుగానే ఉంది. "మీ అన్నకు కుడిచెయ్యి మొద్దుబారిందంట. మాట గూడ జర ముద్దముద్దగ వచ్చింది. గిప్పుడు మంచిగనే ఉన్నడు. బెల్లం తిని మల్ల పనిల కూసున్నడు."

చెయ్యి సంగతి కంటే ఆ బెల్లం మాటకే నాకు ఎక్కువ భయమేసింది.

మా ఇంట్లో బెల్లం తీపి వస్తువు కాదు, మందు. బోధన్ రోడ్డు మీద మా బాపు షెడ్డు వేసుకున్న కాలంలో చుట్టూ చెరుకే. చెరుకు మోసే బండ్లు, ట్రాలీలు ఇరిగితే అతికేది మా బాపు. సాయంత్రం చేతులు కడుక్కొని, గానుగ బెల్లం పెద్ద ముక్క నోట్లో వేసుకొని, చెంబెడు నీళ్లు తాగి, గొంతు సవరించుకొని "సాఫ్ అయింది" అనేవాడు. పొగ, దుమ్ము బెల్లాన్ని పట్టుకొని కడుపులోకి దిగుతాయట, తెల్లారి బయటికి పోతాయట. ఆయన ఒక్కడే కాదు. రైసుమిల్లు హమాలీలు, పసుపు కొమ్ములకు పాలిష్ పట్టేవాళ్లు, అందరిదీ అదే మాట. తర్వాత చక్కెర ఫ్యాక్టరీ మూతబడింది, చెరుకు పోయి వరి వచ్చింది, బాపు పోయి అన్న వచ్చాడు. ఇప్పుడు ధాన్యం ట్రాలీలు, ఇండ్ల గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. అన్నీ మారాయి, బెల్లం మాత్రం మారలేదు.

మందుల చదువు చదివినదాన్ని కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. ఆ నమ్మకం సగం నిజం. ముతక దుమ్ము గొంతుకింది గొట్టాల్లో ఉండే జిగటకు అంటుకుంటుంది. అక్కడ కంటికి కనబడని వెంట్రుకల్లాంటివి దాన్ని నెట్టుకుంటూ పైకి తెస్తాయి. మనం తెలియకుండానే మింగేస్తాం, అది కడుపులోంచి పోతుంది. బెల్లం తిన్నా తినకపోయినా పోతుంది. మిగతా సగంతోనే నా పంచాయితీ. వెల్డింగ్ రాడ్ కొసన లోహం మసిలి ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాలి తగలగానే గడ్డకడుతుంది. అట్లా పుట్టిన రేణువులు ఎంత సన్నవంటే, వాటి ముందు మన తలవెంట్రుక తాటి దుంగ. జిగటకు చిక్కవు. ఊపిరి ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా పోతాయి.

దుకాణం షట్టర్ దించి, బోధన్ పోయి, కారు మాట్లాడి అన్నను కూర్చోబెట్టాను. దారి పొడుగునా గొడవే.

"మంచిగున్న మనిషిని ఆస్పత్రికి గుంజుకపోతున్నవ్, నీకేమన్న కమీషనా?"

"ఆ, సగం నీకిస్త. నోరు మూసుకొని కూసో."

"నోరు మూస్తె ఎట్లనే, మాట ముద్దగ వస్తుందా లేదా సూస్తవేమో గదా."

నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ మాట ముద్దగా వస్తుందా అనే వింటున్నాను.

నరాల డాక్టరమ్మ నాకంటే చిన్నది. పరీక్షలన్నీ చేయించి చూసింది. మెడలో తలకు రక్తం తీసుకపోయే నాళంలో కొవ్వు అడ్డం కట్టింది, అక్కడినుంచి చిన్న గడ్డ తలలోకి పోయి, అదృష్టం బాగుండి కరిగింది, ఇంకోసారి కరగకపోవచ్చు అని చెప్పింది. అన్న చెవికి అదేదీ ఎక్కలేదు. ఆయన కళ్లు లైటు డబ్బా మీద పెట్టిన ఛాతీ ఎక్స్‌రే మీదే ఉన్నాయి.

"ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి" అన్నది డాక్టరు.

"సూసినవా!" అని అన్న నావైపు తిరిగాడు. "సాఫ్! ముప్పై ఏండ్లసంది వెల్డింగ్ చేస్తున్న మేడం. మా చెల్లెకు నమ్మకం లేదు."

"పొగ తాగుతారా?" అని అడిగింది.

"మా ఇంట్ల బీడీ ముట్టినోడు లేడు."

నేను ఊరుకుంటానా? "పొద్దంత వెల్డింగ్ పొగల తలకాయ పెట్టి కూసుంటడు మేడం. ముక్కుకు తడి తువ్వాల కట్టుకొని, పెద్ద రక్షణ అనుకుంటడు."

ఆమె రాయడం ఆపింది. తర్వాత చెప్పింది మాటకు మాట నాకు గుర్తుంది. "ఎక్స్‌రేలో కనబడేది అక్కడ నిలిచిపోయి మచ్చ చేసింది మాత్రమే. అక్కడినుంచి రక్తంలోకి దాటిపోయింది కనబడదు."

"మరి ఏ పరీక్షల కనబడుతది?" అన్నాను.

"మా దగ్గరున్న ఏ పరీక్షలోనూ కనబడదు."

"అంటే ఈ మెడల అడ్డం పొగ వల్లనేనా?"

"అట్లా చెప్పలేను. వయసుంది, బీపీ ఉంది, రక్తంలో కొవ్వుంది. పొగ వాటికి తోడవుతుంది. రక్తనాళాలు వాస్తాయి, రక్తం తొందరగా గడ్డకడుతుంది. ఎంత దేనివల్ల అని విడదీయలేను. పొగ మాత్రం ఆపండి."

నాతో వాదించకుండానే నా నోరు మూయించిన మనిషి ఆమె ఒక్కతే.

అట్లాంటి సాఫ్ ఎక్స్‌రేను నేను అంతకుముందు ఒకసారి చూశాను. బాపుకు దగ్గు తగ్గకపోతే తీయించుకున్నాడు. ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి, సూర్యుడికి ఎదురుగా పట్టి మా ఇద్దరికీ చూపించాడు. నల్లటి ఫిల్ములో తెల్లటి పక్కటెముకలు నిచ్చెన మెట్లలాగా ఉన్నాయి. "సూడుండ్రి, బెల్లం కమాల్" అన్నాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు. షెడ్డులో మధ్యాహ్నం అన్నం తిని, స్టూలు మీద కూర్చొని, గోడకు తల ఆనించాడు. కునుకు తీస్తున్నాడనుకొని, లేస్తాడేమోనని అన్న గ్రైండర్ ఆపేశాడు. చాలాసేపు చప్పుడు చేయకుండా ఇసుక కాగితంతో గేటు రుద్దుతూ కూర్చున్నాడట. చచ్చిపోయిన మనిషికి నిద్ర చెడొద్దని.

గుండె ఆగిందన్నారు. గుండె అన్న తర్వాత ఊపిరితిత్తుల సంగతి ఎవరడుగుతారు? సాఫ్‌గా వచ్చిన ఎక్స్‌రే బీరువా మీద ఉండనే ఉంది. మేమెవరం అడగలేదు. నేనిప్పుడు అడుగుతున్నాను, జవాబు చెప్పేవాళ్లు లేరు. ఆయన చావు వెల్డింగ్ వల్లనే అని నేననలేను. కాదని ఎవరినీ అననివ్వను కూడా.

ఆస్పత్రినుంచి వచ్చిన మర్నాడు బోధన్‌లో అన్న ఇంట్లో మళ్లీ మొదలైంది.

"ముక్కుల పోయింది మెడకాయలకెట్ల పోతదే? నడుమ దర్వాజ ఉన్నదా?"

"ఉన్నది. నువ్వు పీల్చిన గాలి రక్తంల కలువకుంటె బతుకుతవా? ఆ గాలి కోసం ఊపిరితిత్తుల గోడ ఉల్లిపొర కంటె పల్చగ ఉంటది. గాలికి తీసిన దర్వాజలకెల్లి దొంగ రాడా?"

"పుస్తకాల మాటలు."

"ఆపరేషన్‌కు మత్తు గాలి ముక్కుకు పెడతరా, కాలికి పెడతరా? మరి తలకాయకెట్ల ఎక్కుతది?"

"గది గాలి. గిది ఇనుము."

అప్పుడు నాకు పైపుల జ్వరం గుర్తొచ్చింది. వెల్డింగ్ వాళ్లందరికీ తెలిసిందే, అన్నకూ చాలాసార్లు వచ్చింది. జింకు పూత ఉన్న నీళ్ల పైపులు అతికిన రోజు సాయంత్రం నోట్లో తియ్యటి ఇనుప రుచి, ఒళ్లంతా వణుకు, కీళ్లనొప్పులు, జ్వరం. తెల్లారేసరికి ఏమీ ఉండదు. గ్లాసెడు పాలు తాగి పడుకుంటారు, పాలవల్లనే తగ్గిందనుకుంటారు.

"అన్నా, పైపుల పొగ ఎక్కడికి పోయింది? ముక్కులకు. ఛాతీలకు. మరి మోకాళ్లు ఎందుకు గుంజినయి? నడుమెందుకు నొచ్చింది? జ్వరం ఛాతికే రావాలె గదా, ఒళ్లంతెందుకొచ్చింది?"

అన్న కుడిచేతి వేళ్లు ఒకసారి ముడిచి తెరిచాడు. మా అన్నతో వాదనలో నేను గెలిచింది నాకు తెలిసి అదే మొదటిసారి. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

వదిన వంటింటి గడప మీద కూర్చొని అంతా వింటోంది. "గందుకేనేమో, మొన్న పప్పు మాడి ఇల్లంత పొగయింది. ఈయన పొయ్యి పక్కన్నే కూసొని ఫోన్ సూస్తున్నడు. నేను బజార్లకెల్లి ఒర్రుకుంట ఉరికొస్తె, ఏమైందే అంటడు."

"వాసన రాలేదా అన్నా?"

"ఏం వాసన?" అన్నాడు.

చివరి ఏండ్లలో బాపు కూడా అంతే. వాకిట్లో ఎరువు కుప్ప పోసినా "ఏం వాసన?" అనేవాడు. ముక్కు పైకప్పులో వాసన పట్టే నరం కొసలు బయటి గాలికి తెరుచుకొని ఉంటాయి. సన్నటి రేణువులు ఊపిరితిత్తుల జోలికే పోకుండా ఆ నరం పట్టుకొని నేరుగా మెదడుకు ఎక్కగలవని ఎలుకల్లో చూశారని చదివాను. మనుషుల్లో ఎంతవరకు నిజమో ఇంకా తేల్చుకుంటున్నారు. చదవకపోయినా బాగుండేది. అప్పటినుంచి నేను మామూలుగా ఊపిరి తీయలేకపోతున్నాను. పొద్దున షట్టర్ ఎత్తగానే ఎండ కిరణంలో దుమ్ము తేలుతుంటే భయం లేదు, అది కనబడుతుంది. దాని మధ్య ఖాళీగా, శుభ్రంగా కనబడే గాలిని చూస్తే భయం. దోమల చుట్ట, అగరుబత్తి, బస్టాండులో బస్సు వెనక పొగ, ఏది చూసినా ఇది ఇప్పుడు ఎవరి గుండెదాకా పోయిందో అని లెక్క మొదలవుతుంది. దుకాణానికి దగ్గు మందుకని వచ్చినవాళ్లను ఏం పని చేస్తావని అడుగుతున్నాను. మందియ్యనీకె నా పని నీకెందుకమ్మా అని ఒకాయన తిట్టిపోయాడు.

షెడ్డు మూసెయ్యమంటే అన్న మూయడు. ఎందుకు మూస్తాడు, ఇంకో పని రాదు. అందుకని హైదరాబాద్ నుంచి మాస్కు తెప్పించాను. వెల్డింగ్ పొగకు పనికొచ్చేది, రెండు బుగ్గలకూ గుండ్రటి ఫిల్టర్లు, చుట్టూ రబ్బరు అంచు. ఆ అంచు ముఖానికి అతుక్కోవాలి. పెట్టుకొని, రెండు ఫిల్టర్లను అరచేతులతో మూసి గాలి పీలిస్తే మాస్కు లోపలికి గుంజుకోవాలి. షెడ్డులో అన్న పెట్టుకున్నాడు, పీల్చాడు. రెండు పక్కలా సుయ్‌మంది.

మా అన్న మీసం బుగ్గలు దాటి పోతుంది. రబ్బరు అంచు సరిగ్గా దాని మీదనే పడుతోంది.

"మీసం తియ్యాలె."

"నువ్వు ముందు ఇంటికి పో."

"కొసలన్నా కత్తిరించు."

"సగం మీసమేందే, దొంగ లెక్క? ఉంటె ఉండాలె. తీస్తె ఎవలు సచ్చిండ్రని ఊరంత అడుగుతరు. తిరుపతిల తలనీలాలు ఇచ్చిన గాని మీసం ఇయ్యలే. బాపు పోయిన్నాడు తీసిన. అవ్వ పోయిన్నాడు తీసిన, గంతే. ఇగ తీసే పని లేదు నాకు."

"నువ్వు తియ్యకపోతె నీ కొడుకు తియ్యాల్సొస్తది."

అనేశాను. షెడ్డుకు అన్నం తెచ్చిన వదిన లేచి బయటికి పోయింది. అన్న మాస్కును ట్రాలీ మీద పెట్టి, దాని పట్టీలు సర్దుతూ ఉండిపోయాడు. నేను క్షమించమని అడగలేదు. ఆ మాట నాకంటే మెత్తగా చెప్పగలిగినవాళ్లుంటే చెప్పమనండి, వింటాను. బస్సెక్కి వచ్చేశాను.

వారం పది రోజులు ఫోన్ లేదు. తర్వాతి ఆదివారం నేనే పోయాను. రోడ్డు మీదినుంచే షెడ్డులో అన్న కనబడ్డాడు. బాపు కర్మలప్పుడు గోదావరి ఒడ్డున మంగలి ముందు కూర్చొని లేచిన రోజు అన్నకు ఆ ముఖమే ఉండింది. అప్పుడు పాతికేండ్లవాడు. ఇప్పుడు ఆ ముఖానికే ముడతలు. పైపెదవి తెల్లగా, పసిపిల్లవాడిదిలాగా, ఎవరో దాచిపెట్టి ఇప్పుడు తీసి పెట్టినట్టుంది.

ట్రాలీ కొండి అతికించుకోవడానికి నవీపేట్ నుంచి వచ్చిన ఒక రైతు నా కంటే ముందే అడిగాడు. గొంతు తగ్గించి, నెత్తి మీది తువ్వాల తీసి మరీ అడిగాడు. "ఎవలు పోయిండ్రన్నా?"

"ఎవలు పోలే. పోవద్దనే తీసిన" అన్నాడు అన్న. రైతుకు ఏమీ అర్థం కాలేదు. ఆ ప్రశ్న పొద్దున్నుంచి ఎంతమంది అడిగారో, జవాబు నున్నగా అరిగిపోయి ఉంది.

రైతు చాయ్ తాగడానికి పోయాక అన్న నన్ను పిలిచాడు. వెక్కిరింపు లేదు, విసురు లేదు. నన్నెప్పుడూ అట్లా అడగలేదు.

"చెల్లె, గిప్పటిసంది లోపటికి పొయ్యేది ఆగుతది. సరే. గిన్నేండ్లు పోయింది ఏడున్నది?"

డాక్టరమ్మను అడిగి, పుస్తకాలు తిరగేసి నేను నేర్చుకున్నవన్నీ నాలుక కొసన ఉన్నాయి. గుండె, కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు, మెదడు. వాటన్నిటినీ దాటేశాను.

"కొంత మూత్రంల పోతది. కొంత మలంల పోతది."

"కొంత?"

"కొంత ఉంటది."

"ఎన్నేండ్లు?"

"తెల్వది అన్నా."

"నీకు తెల్వదా, ఎవలకు తెల్వదా?"

"ఎవలకు తెల్వది."

ఆయన మాస్కు తగిలించుకున్నాడు. రెండు అరచేతులతో ఫిల్టర్లు మూసి ఊపిరి పీల్చాడు. రబ్బరు ముఖానికి కరుచుకుంది. ఎక్కడా సుయ్‌మనలేదు. ఆ ఊపిరి ఆయన వదిలేదాకా నేను కూడా పట్టుకొని నిలబడ్డాను.