గాలికుంటుకు పరామర్శ

మా ఊళ్లో మనిషికి జ్వరం వస్తే చూడ్డానికి ఇద్దరు వస్తారు. ఆవుకు జ్వరం వస్తే ఊరంతా వస్తుంది. వచ్చినవాళ్లు ఊరికే చూసి పోతారా? ఒకాయన మూతి పట్టుకుని పెదవి పైకెత్తుతాడు. ఇంకొకాయన నాలుక బయటికి లాగి బొబ్బలు చూస్తాడు. మూడో ఆయన గిట్ట ఎత్తి వాసన చూసి, అన్నీ తెలిసినట్టు తల ఆడిస్తాడు. తర్వాత ఆ చేతిని పంచెకు తుడుచుకుని, తిన్నగా ఇంటికి పోయి, అదే చేత్తో తన ఎద్దుకు మేత వేస్తాడు. గాలికుంటు రోగం ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోవడానికి ఇంతకంటే మంచి బండి కంబదూరు చుట్టుపక్కల ఎక్కడా దొరకదు.

నేనేదో తెలివైనవాణ్ణని ఇదంతా చెబుతున్నాననుకోవద్దు. రెండేళ్ల కిందట ఆ రోగం మొదట వచ్చింది మా కొట్టానికే. వచ్చిందనడం కూడా తప్పు, నేనే పిలుచుకున్నాను. టీకా వేయడానికి పశువుల ఆసుపత్రి అమ్మాయి వస్తోందని తెలిసిన పొద్దున, సూది పడితే రెండు రోజులు పాలు తగ్గుతాయని, నా రెండు ఆవులనూ వంక అవతలికి తోలుకుపోయి దాచాను. రోజూ పేపరు చదివేవాణ్ణి, పదిమందికి సలహాలు చెప్పేవాణ్ణి, ఒక్క సూదికోసం మధ్యాహ్నందాకా వంక గట్టు చాటున నక్కి కూర్చున్నాను. నెల తిరిగేసరికి పెద్దావు చొంగ కారుస్తూ, నోరు చప్పరిస్తూ నిలబడింది. రెండు రోజులకు రెండోది కుంటడం మొదలుపెట్టింది.

ఆ అమ్మాయే మళ్లీ వచ్చింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నోటి పుళ్లు కడగడానికి మందు ఇచ్చి, కొట్టం వాకిలికి ముళ్లకంప అడ్డం పెట్టమంది. గుమ్మంలో బట్టల సోడా కలిపిన నీళ్లలో తడిపిన గోనెసంచి పరచమంది. నేను తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదంది, నేను బయటికొచ్చేటప్పుడు కూడా చేతులూ కాళ్లూ కడుక్కోవాలంది. పక్క ఇళ్లలో ఎవరికైనా చూడి ఆవు ఉందా అని అడిగింది. పక్కింటి అవ్వకు ఉందన్నాను.

"అది జాగ్రత్తన్నా. దానికి ఇది తగిలితే పుట్టిన దూడ నిలవదు" అని చెప్పి పోయింది.

అవ్వకు భూమి లేదు. ఉన్నది ఆ ఒక్క ఆవే, అదీ ముసలిది. ఈసారి పెయ్యదూడ పుడితే, ఈ ఆవు ఉడిగినాక అదే తనకు ఆధారమని వీధిలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకునేది.

నేను కంప పెట్టాను. ఊరు అలిగింది. పిల్లనిచ్చిన ఇంట్లో కాళ్లకు నీళ్లివ్వనట్టు బాధపడ్డారు. ఎండుచేపల నీళ్లు తాపమని చెప్పడానికొచ్చినాయన, చెయ్యి పెట్టి చూడకుండా వైద్యం ఎట్లా చెప్పేదని కోప్పడ్డాడు. వేడి ఇసుకలో నడిపించమన్నాయన, నాకు ఎప్పుడు డాక్టరు చదువు వచ్చిందని ఎగతాళి చేశాడు. అయినా ఎవర్నీ లోపలికి వదల్లేదు. నిజం చెప్పాలంటే ఆ కావలి పని నాకు బాగా నచ్చింది. నా మాటకు మనుషులు ఆగడం జీవితంలో అదే మొదలు.

అవ్వ కూడా వచ్చింది, ఆవులకని రాగిగంజి కాచుకుని. గంజి కంప మీదుగా నా గిన్నెలో పోయించుకుని, ఆమెను అక్కడినుంచి అక్కడికే పంపేశాను. ఇంట్లో చూడి ఆవును పెట్టుకుని ఈ పక్కకు ఎందుకొచ్చావని గట్టిగానే అన్నాను. ఆమె చిన్నబుచ్చుకుంది కానీ మాట వింది. మళ్లీ రాలేదు.

నాలుగో రోజు పెద్దాయన వచ్చాడు. ఊళ్లో పంచాయితీలు తీర్చేది, రేషను కార్డు నుంచి బోరు కరెంటు దాకా ఆఫీసుల్లో మాట చెప్పేది ఆయనే. నాకు వరసకు మామ. ఆవులకు బాగలేకపోతే తనకు చెప్పవా అని నిష్ఠూరమాడాడు. అప్పుడు నేనేం చేశాను? కంప తీశాను. తీసి, ముళ్లు ఆయన తెల్లచొక్కాకు తగలకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను కూడా. చెప్పులు తడుస్తాయని ఆయన గోనెసంచిని ఒక్క అంగలో దాటాడు. ఆవు నోట్లో చెయ్యిపెట్టి నాలుక లాగి చూశాడు. ఇదేమంత పెద్ద రోగం కాదని తేల్చాడు. నా తువ్వాలుకు చెయ్యి తుడుచుకుని, అవ్వ ఆవు ఈనే పొద్దు దగ్గరపడిందంట కదా, అట్లనే దాన్నీ చూసిపోతానన్నాడు.

చేతులు కడుక్కో మామా అనడానికి మూడు మాటలు చాలు. నీళ్ల బకెట్టు నా కాలి పక్కనే ఉంది.

"మంచిది మామా" అన్నాను.

వారానికి అవ్వ ఆవు చొంగ కార్చింది. ఆ మర్నాడే ఈనింది. పెయ్యే పుట్టింది, ఎర్రది, నుదుట తెల్లమచ్చతో. మూడు రోజులు వాకిట్లో ఎగిరింది. నాలుగో రోజు పొద్దున తల్లి దగ్గర పాలు తాగుతూ తాగుతూ కూలబడి చచ్చిపోయింది.

నేను పోయేసరికి పెద్దాయన అప్పటికే మంచం మీద కూర్చుని ఉన్నాడు. గాలికి వచ్చేదాన్ని ఎవరు ఆపగలరని అవ్వను ఓదారుస్తున్నాడు. అవునా కాదా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆ ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన పోయినాక అవ్వ నన్ను అడిగింది.

"ఆ యప్పను నువ్వు ఎందుకు ఆపల్యా?"

"ఆ యప్పను ఎట్ల ఆపేది అవ్వా?"

"నన్ను ఆపినావు కదప్పా" అంది.

గొంతులో కోపం కూడా లేదు. లేచి, దూడకోసం అరుస్తున్న ఆవు దగ్గరికి పోయింది.