నానబెట్టిన స్టాంపులు

స్టాంపులు పోగుచేసేవాళ్ళంటే నాకు రోత. నేనూ ఆ బాపతే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఆదివారాల్లో బందరులో మేం నలుగురం కలుస్తాం. ఒకాయన పకోడీలు తిన్న చేత్తోనే ఆల్బం తిప్పుతాడు. ఇంకొకాయన ఏ దేశంలోనూ ఒక్క ఉత్తరాన్ని కూడా మొయ్యని తళతళలాడే బిళ్ళలు ఆన్‌లైన్లో కట్టలకొద్దీ తెప్పించి మా మొహాన ఆడిస్తాడు. అన్నీ రాకెట్లు, పిల్లికూనలు. అయినా మళ్ళీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాను. ఉత్తరాలు రాసేవాళ్ళు లేరు, పోస్టు డబ్బాలు తుప్పుపట్టాయి, కౌంటర్లో స్టాంపడిగితే స్టిక్కరంటిస్తున్నారు. ఈ పిచ్చి మాత్రం వదల్లేదు.

నా పిచ్చి స్టాంపు మీద కాదు, దాని మీద కొట్టే ముద్ర మీద. సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడే ఆ నల్లటి గుండ్రంలో ఊరి పేరూ తారీకూ ఉంటాయి. కవరు నుంచి స్టాంపు ఊడదీస్తే ఇక ఊరు లేనట్టే. అందుకే మా బోటివాళ్ళం కవర్లను కవర్లుగానే దాస్తాం. దివిసీమలో చిన్నచిన్న పోస్టాఫీసుల ముద్రల కోసం నేను ఎక్కని బస్సు లేదు. కొన్నిచోట్ల ముద్ర కొట్టే ఓపిక లేక బాల్‌పెన్నుతో అడ్డంగా గీకేస్తారు. ఇస్త్రీ చొక్కా మీద ఎవడో కిళ్ళీ ఉమ్మినట్టుంటుంది నాకు.

నాగాయలంక అవతల మా ఊళ్ళో ఒకప్పుడు పోస్టాఫీసు ఉండేది. ఎప్పుడో ఎత్తేశారు. ఆ ముద్ర చక్కగా పడిన కవరు నాకు తెలిసి ఒక్కటే ఉంది, గుడివాడలో ఒక రిటైరైన మాస్టారి దగ్గర. ఈ పిచ్చి నాకు అంటించిందీ ఆయనే. ఎన్నిసార్లు అడిగినా, మార్పిడికి ఏమిస్తానన్నా ఆయన కదిలేవారు కాదు. కవరు నా చేతికిచ్చి, నేను తనివితీరా చూశాక మళ్ళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టేసేవారు.

"నేను ప్రభువు దగ్గరికి వెళ్ళాక తీసుకుందురుగాని లెండి. తొందరేముంది?" అని నవ్వేవారు.

ఎంత పిసినిగొట్టు మనిషి అని దారి పొడవునా తిట్టుకుంటూ వచ్చేవాణ్ణి.

కిందటేడు ఆయన పోయారు. జ్ఞాపకార్థ కూడిక అయిన కొన్నాళ్ళకు కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, నాన్నగారి స్టాంపులన్నీ మీకే ఇవ్వమన్నారండీ. రెడీ చేసి ఉంచాం, వచ్చి తీసుకెళ్ళండి."

రెడీ చెయ్యడానికి అందులో ఏముందో నేను అడగలేదు. మర్నాడే గుడివాడ బస్సెక్కాను. బస్సులో ఉన్నంతసేపూ ఆ కవరును ఏ చోట పెట్టాలా అన్నదే ఆలోచన.

వాళ్ళింట్లో బల్ల మీద ప్లాస్టిక్ తొడిగిన లావుపాటి ఆల్బం ఉంది. దగ్గరికెళ్తే సబ్బు, జిగురు కలిసిన వాసన.

"కవర్లన్నీ పచ్చబడిపోయి చీదరగా ఉన్నాయండీ," అంది ఆ అమ్మాయి. "గోరువెచ్చటి నీళ్ళల్లో నానబెట్టి, స్టాంపులు ఒక్కోటీ ఊడదీసి, తువ్వాళ్ళ మీద ఆరేసి, ఇస్త్రీ చేసి అంటించామండీ. మా ఆయన కూడా సాయం చేశారు."

"మరి కవర్లు?"

"చెత్తబండిలో వేసేశామండీ."

పేజీలు తిప్పాను. ప్రతి బిళ్ళ అంచునా తెల్లటి జిగురు చీములా బయటికొచ్చి గడ్డకట్టింది. మంచినీళ్ళు అడిగి తాగాను. ఆ జిగురంటే అసహ్యం, ఆ ప్లాస్టిక్ అంటే అసహ్యం. అన్నిటికంటే, జీవితమంతా పోగేసి, ఇందులో దాచవలసిందేమిటో ఇంట్లోవాళ్ళకు ఒక్కసారైనా చెప్పని ఆ పెద్దమనిషంటే అసహ్యం వేసింది. మేమంతా ఇంతే. కొత్తవాడెవడైనా దొరికితే గంటలకొద్దీ చెప్తాం, ఇంట్లోవాళ్ళు అడిగితే మీకు తెలీదులే అంటాం.

"మొదటి పేజీ చూళ్ళేదు మీరు," అంటూ ఆ అమ్మాయే వెనక్కి తిప్పింది.

పేజీ నడిమధ్యన ఒకే ఒక్క స్టాంపు. చుట్టూ బంగారు రంగు పెన్నుతో గీత గీసి ఉంది.

"నాన్నగారు ఆ కవరు ఒక్కటీ విడిగా తీయించి, ఇది మీకు ప్రాణమని చెప్పారండీ. అందుకే దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, మొత్తం నేనే చేశాను. దీని మీద నల్లమరక ఒకటి ఎంతకీ పోదే! నిమ్మచెక్కతో మెల్లగా రుద్ది రుద్ది పోగొట్టానండీ, బాబాయ్ గారూ."

కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. నిజమే, ఎక్కడా ఒక్క చుక్క కూడా మిగల్లేదు.