మూడు చాయ్‌ల దూరం

పొద్దున్నే పెంటయ్య చేసే మొదటి పని వాన కాలువలో వేపరెమ్మ వేయడం. నానక్‌రామ్‌గూడ బస్టాపు దగ్గరి ఇనుప జాలీలోంచి రెమ్మ వదిలి, ఊరి వెనక కుంట దాకా నడిచి, గట్టు మీది హోటల్లో ఒక చాయ్ తాగేవాడు. చాయ్ అయ్యేసరికి రెమ్మ కుంటలోకి వచ్చి పడితే కాలువ బాగున్నట్టు. రాకపోతే ఎక్కడో చెత్త అడ్డం పడినట్టు. ఆయన మున్సిపాలిటీలో శానిటరీ జవాను. మీటర్ల లెక్క ఇంజనీర్లది, ఆయనది చాయ్‌ల లెక్క. బస్టాపు జాలీ కుంటకు ఒక చాయ్ దూరం. ఎగువనున్న సిల్వర్ బ్రూక్ అపార్ట్‌మెంట్లు మూడు చాయ్‌ల దూరం.

"వాన కాలువల వాన నీళ్లే పోవాలె" అన్నది ఆయనకు తెలిసిన చట్టం. అసలు నిబంధనలు నేను చదివాను. పదకొండు పేజీలున్నాయి గానీ వాటిలోనూ ఇంతకు మించి ఏమీ లేదు.

2011లో మేము ఆయన ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో నా ఎం.ఏ. తరగతులు ఆగిపోయాయి, పెంటయ్య డ్యూటీ ఆగిపోయింది. పగలంతా బస్టాపు పక్కన సమ్మె టెంటు కింద కూర్చునేవాడు. వేపరెమ్మ మాత్రం మానలేదు. ఎవరైనా అడిగితే, "ఇది డ్యూటీ గాదు, అలవాటు" అనేవాడు. టెంటు ముందు రోడ్డు మీదే వంటా వార్పు జరిగేది. రోజూ రెండు వందల మందికి అక్కడే వండి అక్కడే వడ్డించడం. ఆ వంటకు పెద్ద దిక్కు పెంటయ్య భార్య పోచమ్మ.

సమ్మె మొదలైన రెండు వారాలకు కుంట నిండా నురగ తేలింది. తెల్లగా, మోకాలెత్తున. ఆడవాళ్లు పూల బతుకమ్మలను కుంటలో వదిలే సద్దుల బతుకమ్మకు ఇంకా అయిదు రోజులే ఉంది. కోకాపేటలో ఉండే పెంటయ్య చెల్లెలు నీలమ్మ ఆ నురగ చూసి వెళ్తూ వదినతో ఒక మాటంది.

"వదినా, మీ కుంటల బతుకమ్మను ఏసుడెందుకు, బట్టలెయ్యుర్రి. తెల్లగైతయ్. బతుకమ్మను మా కోకాపేటకు పట్కరార్రి."

పోచమ్మ ఆ పూట అన్నం తినలేదు. పెంటయ్యకూ పెట్టలేదు.

"ఇరవై ఏండ్లాయె నువ్వు కాల్వల నౌకరీ చేయబట్టి. మన ఆడోళ్లు బతుకమ్మలు నెత్తిన పెట్టుకొని పరాయి ఊరికి పోతే నేను ఇగ నీ మొకం జూడ."

పెంటయ్య అనుమానం సిల్వర్ బ్రూక్ మీద. అక్కడ రోజూ నలభై కార్లు కడుగుతారు. కానీ నోటీసివ్వాలంటే రుజువు కావాలి. దానికి ఆయన దగ్గరొక పద్ధతి ఉంది. అనుమానమున్న చోట రంగు పోయడం, కాలువ కొసన కాపలా కాయడం. ఆఫీసు రంగుపొడి తాళమేసిన స్టోరులో ఉండిపోయింది. టెంటులో మాత్రం ఉద్యమ ర్యాలీలో చల్లగా మిగిలిన గులాబీ రంగు గులాల్ అర సంచీ ఉంది.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ సోమేశ్వరరావు గారిది ఏలూరు. ఎప్పుడూ తెల్ల పంచె, వెనకాల తెల్ల పొమేరియన్.

"నిరభ్యంతరంగా పోసుకోండి పెంటయ్య గారూ. మా నీళ్లు బొట్టు బయటికి పోవండి. శుద్ధి చేసి మా తోటకే వాడతాం. కాయితాలున్నాయండి, చూపించమంటారా?"

"కాయితాలు తర్వాత జూస్త సార్. నీళ్లు కాయితం మీద పారయి గద."

కార్లు కడిగేచోట ఆ అర సంచీ గులాల్ పోసి, పెంటయ్య టెంటుకు తిరిగొచ్చాడు. చేతులూ చొక్కా మీసమూ అన్నీ గులాబీ రంగే. అంట్లు తోమే తొట్టిలో ఒళ్లు కడుక్కుని, సంచీ కూడా అందులోనే ఉతికి, ఎండలో పడుకున్నాడు. కాసేపటికి ఫోన్ మోగింది. కుంట దగ్గర కాపలా పెట్టిన తోటి జవాను ఐలయ్య.

"అన్నా, వచ్చింది. కుంటంత గులాబీ అయింది."

టెంటులో నినాదాలు మారుమోగాయి. పెంటయ్య నన్ను పిలిపించాడు. తను సమ్మెలో ఉన్నాడు, ఆఫీసు కాగితం ముట్టకూడదు. "బిడ్డా, నువ్వు తెలుగుల ఎం.ఏ. చేస్తున్నవ్ గద. వాళ్లు సదివి వణకాలె, గట్ల నోటీసు రాయి." నేను మూడు పేజీలు రాశాను. రెండు సమాసాలకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

మర్నాడు పొద్దున నోటీసు తీసుకుని నలుగురం వెళ్లాం. సిల్వర్ బ్రూక్ గేటు దగ్గరే ఆగిపోయాం. తోటలో పిచికారీలన్నీ తిరుగుతున్నాయి, గులాబీ రంగు నీళ్లు చిమ్ముతూ. పచ్చిక గులాబీ. సోమేశ్వరరావు గారి పంచె గులాబీ. పొమేరియన్ నఖశిఖ పర్యంతం గులాబీ.

"శుద్ధి యంత్రం మురికి తీస్తుంది గానీ రంగు తీయదండీ," అన్నారాయన. "మీ గులాల్ మా దగ్గరే ఉంది, చూసుకోండి. మా కుక్క ఒక్కరాత్రిలో మీ ఉద్యమంలో చేరిపోయింది. మా బావమరిది విజయవాడ నుంచి వస్తున్నాడు, ఆయనకేం చెప్పమంటారు?"

పెంటయ్య కుక్కను చూశాడు. తర్వాత ఐలయ్య వైపు తిరిగాడు.

"నిన్న రంగొచ్చేసరికి ఎన్ని చాయ్‌లు తాగినవ్‌రా?"

"యాడ అన్నా. ఒక్కటి. అదీ సగమే."

"ఇక్కడికెల్లి మూడు చాయ్‌లు గద."

పెంటయ్య తన గోళ్లకేసి చూసుకున్నాడు. గోళ్లలో ఇంకా గులాల్ ఉంది. తొట్టిలో కడుక్కున్న రంగునీళ్లు ఎక్కడికి పోయాయో అప్పుడు తట్టింది. తొట్టి నిండగానే పోచమ్మ దాన్ని బస్టాపు జాలీలోకి వంచుతుంది. రెండు వారాలుగా, పూటకు మూడు తొట్లు, సబ్బుపొడితో సహా.

టెంటుకు వచ్చాక ఆయన నోటీసులో అపార్ట్‌మెంట్ పేరు కొట్టేసి, టెంటు పేరు రాయమన్నాడు. అది పోచమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె నాతో చదివించుకుని విన్నది.

"సమ్మెల ఉన్నోడు నోటీసెట్ల ఇస్తడు? అంటే డ్యూటీ ఎక్కినవా?"

టెంటంతా ఆయన వైపు చూసింది. ఆ రోజుల్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"డ్యూటీ గాదే. నీ బతుకమ్మ కోసం. ఇయ్యాల్టికెల్లి సబ్బు ఆపితే నాలుగు దినాలల్ల కుంట తేటగైతది. లేకుంటే కోకాపేటకు తొవ్వ పట్టు, నీలమ్మ ఎదురొస్తది."

పోచమ్మ నోటీసు మడిచి కొంగున కట్టుకుంది. "అయితే ఇన్ను. నీ కాల్వ, నీ చట్టం. ఇయ్యాల్టికెల్లి గిన్నెలు నువ్వే తోము. ఇక్కడొక్కటే గాదు, ఇంట్ల గూడ."

"ఎన్ని దినాలు?"

"దినాలా?" అని పోచమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

తోమే చోటు సోమేశ్వరరావు గారే ఇచ్చారు, కార్లు కడిగేచోట. అక్కడి సబ్బునీళ్లు కాలువలోకి రావు. కుక్క రంగు వదిలించడానికి ఎటూ అక్కడ రోజంతా కుళాయి తెరిచే ఉంటోంది. నాలుగు రోజులు తెలంగాణ వంట డేగిశాలు ఆంధ్రా వారి అపార్ట్‌మెంటులో తళతళలాడాయి. పెంటయ్య తోముతుంటే సోమేశ్వరరావు గారు పక్కన కుర్చీ వేసుకుని రాష్ట్రం ఎందుకు విడిపోకూడదో చెప్పేవారు. పెంటయ్య చేతులు ఖాళీ లేక, డేగిశా బోర్లించి చప్పుడు చేసి జవాబిచ్చేవాడు.

మధ్యలో ఒక పెద్ద వాన పడింది. సద్దుల నాటికి కుంటలో నురగ లేదు, గట్టు పక్కన కొంచెం గులాబీ జీర తప్ప. పోచమ్మ వదిలిన బతుకమ్మ ఒరగకుండా కుంట నడిమధ్య దాకా తేలుతూ వెళ్లింది. నీలమ్మ కోకాపేట నుంచి చూడ్డానికే వచ్చింది.

"నీళ్లు మంచిగనే ఉన్నయ్ వదినా. జర గులాబీ రంగున్నయంతే."

"మా ఊరి నీళ్లు గట్లనే ఉంటయ్," అంది పోచమ్మ.

పెంటయ్య రిటైరై నాలుగేళ్లయింది. నానక్‌రామ్‌గూడలోని ఆ ఇంట్లో రెండు పూటలా గిన్నెలు తోమేది ఇప్పటికీ ఆయనే.