ఠీక్ హై అనే పెదనాన్న

మంగళవారం పొద్దున్న మా పక్కింటి పెదనాన్న పోయారు. బెంగాలీ మాట్లాడే మా రైల్వే ఊళ్లో, సుభాష్‌పల్లి పేటలో మా గోడని ఆనుకునే వాళ్ల గోడ. చుట్టరికం ఏమీ లేదు, కానీ నాకు ఊహ తెలిసినప్పటినుంచీ పెదనాన్నే. రైలు ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఈవేళ నేను చేస్తున్న ఉద్యోగంలో ఆయన పాలెంతుందో నలుగురికీ చెప్పుకోవాలనిపించింది.

కొన్నాళ్ల కిందట, మా ఊళ్లోనే ఇందా అనే పేటలో నేను లెక్కలు చెప్పే చిన్న బడి మూతపడింది. ముప్పై దాటాక మళ్లీ ఏం నేర్చుకుంటానులే అనుకుంటూనే, ఆన్‌లైన్‌లో ఒక కోడింగ్ బూట్‌క్యాంప్‌లో చేరాను. వేరే పనులు చేసినవాళ్లకి కొద్ది నెలల్లో ప్రోగ్రాములు రాయడం నేర్పే క్లాసులవి. మా బ్యాచిలో ఒక నర్సు, ఒక హోటలు మేనేజరు కూడా ఉండేవారు. పాఠాలు బాగా చెప్పేవారు, ఎన్నిసార్లు అడిగినా విసుక్కునేవారు కాదు. అయినా నా ప్రోగ్రాములు నడిచేవి కాదు. తప్పు నా కంటికి కనబడేది కాదు.

ఓ సాయంత్రం అరుగుమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ముఖం వేలాడేసుకుని ఉంటే పెదనాన్న చూశారు.

"ఏటమ్మా, అలా కూకున్నావు?"

"తప్పేటో తెలీట్లేదు పెదనాన్నా. ఇంక మానేస్తాను."

"మానేద్దువుగాని. ముందు ఒక్కో లైనూ పైకి సదువు. ఇంజన్లో మేం అంతే. సిగ్నల్ కనబడితే ఒకడు గట్టిగా సెప్పాలి, రెండోవోడు తిరిగి సెప్పాలి. రోజూ సూసేదే గదా అని నోరు మూసుకుంటే, కన్నూ మూసుకుంటాది."

ఆయనకి కోడింగ్ ఒక్క ముక్క రాదు. నేను చదివిన ప్రతి లైనుకీ, అంతా సరిగ్గా ఉందన్నట్టు "ఠీక్ హై" అనేవారు. తప్పు లైనుకీ అంతే దర్జాగా ఠీక్ హై! నాకు నవ్వాగేది కాదు. తొందరపడి చదివితే మాత్రం ఊరుకునేవారు కాదు. "ఉన్నది సెప్పు. ఉంటాదనుకున్నది సెప్పకు" అనేవారు.

నా చివరి ప్రాజెక్టు పిల్లల మార్కులు లెక్కగట్టే ప్రోగ్రాము. చూపించాల్సిన రోజు పొద్దున్నే అది మొరాయించింది. అది నడిస్తేనే ఇంటర్వ్యూలకి పంపుతారు. పెదనాన్న టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నారు. చదువుతూ చదువుతూ ఒక లైను దగ్గర నా నోరు ఆగిపోయింది. మార్కులు ఒక పేరుతో దాచి, ఇంకో పేరుతో వెతుకుతున్నాను.

"ఠీక్ హై" అన్నారాయన, అలవాటుగా.

"కాదు పెదనాన్నా, తప్పు!" అని అరిచాను. ఆయన వీధంతా వినబడేలా నవ్వారు.

ఆ తరవాత కొద్దిరోజులకే ఉద్యోగం వచ్చింది. పని నేర్పింది ఆ క్లాసులే, వాళ్లకి ఎప్పుడూ దండం పెట్టుకుంటాను. కానీ ఆయన లేకపోతే మధ్యలోనే మానేసేదాన్ని.

ఇంటినుంచే పని. మొదటిరోజు మీటింగు మొదలవబోతుంటే కిటికీలోంచి చూశాను. పెదనాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మా గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చేపలతను సైకిలు మీద వస్తూ కేక వేయబోతుంటే చెయ్యెత్తి ఆపారు.

"ఆస్తే, దాదా" అంటూ మెల్లగా వెళ్లమని, "మా అమ్మాయి డ్యూటీలో ఉంది" అని బెంగాలీలో గుసగుసగా చెప్పారు.

చేపలతను కేక మింగేసి, సైకిలు దిగి, దాన్ని నడిపించుకుంటూ చప్పుడు చెయ్యకుండా మా ఇల్లు దాటాడు.