మా కెజియాకు దేవుడు చూపించిన గల్లీ

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంల మీ అందరికి వందనాలు. నా పేరు సువార్త. కొంతకాలం సంది మీరు నన్ను ఆడోళ్ళ దిక్కు వెనుక వరుసల చూస్తనే ఉన్నరు గని నేనెన్నడు నిలబడి మాట్లాడలే. ఇయ్యాల పాస్టరయ్యగారు "నువ్వు చెప్పాలమ్మా" అంటె లేచి నిలబడ్డ, చెప్తా, ఎందుకంటె దేవుడు మాకు చేసిన మేలు మా ఇంట్ల నాలుగు గోడల మధ్యల ఉండిపోవద్దు.

మాది సిద్దిపేట దిక్కు. మా ఆయన ప్రభుదాసు వరికోత మిషన్లు, గవే హార్వెస్టర్లు, బాగుచేసే మెకానిక్కు. పెండ్లైన కొత్తలనే కంపెనీవాళ్ళు ఆయనను పంజాబు దిక్కు తోలిండ్రు, గక్కడ ఒక పెద్ద బిల్డింగుల పై అంతస్తుల ఇల్లు, గక్కడనే మా ఒక్కగానొక్క బిడ్డ కెజియా పుట్టింది. మాకు భాష సరిగ్గ రాకపోయినా బిడ్డ నవ్వితె చాలు అందరు ఎత్తుకునేటోళ్ళు, మేం దేశం ఆ కొసన ఉన్నమన్న దిగులే లేకుండె. దానికి ఆరేండ్లప్పుడు కింది ఇంట్ల ఒక బాబు పుట్టినరోజు, బెలూన్లు, కేకు, పాటలు, గంత సంబరంల మా బిడ్డ నిలబడ్డది నిలబడ్డట్టే వెనక్కి పడ్డది, కండ్లు తేలేసింది, కాళ్ళుచేతులు కొట్టుకున్నయి, నోట్లెకెళ్ళి నురుగు! పాట ఆగిపోయింది. పిల్లలందర్ని వాళ్ళవాళ్ళ తల్లులు లాక్కున్నరు, నా బిడ్డ ఒక్కతే నడిమిట్ల పడి ఉన్నది.

దవాఖానల డాక్టరు చూసి ఇది ఫిట్స్ అన్నడు, గోలీలు రాసిచ్చిండు, చానమంది పిల్లలకు ఉంటది, మందులు ఆపకుండ వాడితె మంచిగ బతుకుతరు, భయపడకండ్రి అన్నడు. డాక్టరు భయపడొద్దన్నడు గని బిల్డింగు మొత్తం భయపడ్డది! వాళ్ళు చెడ్డోళ్ళని నేననను, ఒక్క మాట కూడ అనలే మమ్మల్ని. మేం లిఫ్టు ఎక్కితె ఒకామె కొడుకు చెయ్యి పట్టుకొని మెల్లగ దిగిపోయేది, కెజియా ఉయ్యాల ఎక్కితె పక్క ఉయ్యాల ఖాళీ అయ్యేది, బడివాళ్ళు కొన్నాళ్ళు ఇంట్లనే ఉంచుకోండ్రి అన్నరు. ఒకరోజు మధ్యాహ్నం నేను రొట్టెలు చేస్తుంటె నా బిడ్డ నా కొంగు పట్టుకొని, "అమ్మా, నేను ఖరాబ్ అయిపోయిన్నా?" అని అడిగింది. తల్లులారా, రొట్టె పెంక మీదనే వదిలి బిడ్డను ఒళ్ళెకు గుంజుకున్న!

అప్పటిసంది రోగం నాకు పట్టింది. తలుపుకు గొళ్ళెం పెట్టుడు, బిడ్డ మొఖం దిక్కు చూసుకుంట కూసునుడు, గదే నా పని. చెంచా కింద పడ్డ చప్పుడుకు కూడ గుండె దడదడ కొట్టుకునేది. కూరగాయలకు బయలెల్లితె మెట్ల మీదనే చెమటలు పట్టి వాపస్ వచ్చేదాన్ని. ప్రార్థన చేద్దామని మోకరిస్తె నోట్లె మాట రాకపోయేది, "యేసయ్యా, నా బిడ్డ" అనేదాన్ని, అంతే, ఆ తర్వాత ఏడుపే.

గిట్ల ఉన్నప్పుడు మా ఆయన కంపెనీవాళ్ళు మెదక్ దిక్కు కొత్తగ సర్వీసు సెంటరు పెడుతున్నమని, మీ రాష్ట్రమే గద పోతవా అని అడిగిండ్రు. హైదరాబాదు అంచుల ఉండి వచ్చిపోయినా సరే, మెదక్లనే ఉన్నా సరే, నీ ఇష్టమన్నరు. మా ఆయన సంబరం చూడాలె! దోస్తులందరికి ఫోన్లు చేసి, ఫ్యామిలీకి మంచిగుండే జాగ ఎక్కడున్నదో అడిగి, వాళ్ళు పంపిన వీడియోలు పట్టుకొని నా పక్కన కూసున్నడు. హైదరాబాదు అవతల ఒక గేటెడ్ కాలనీ, పచ్చగడ్డి, ఈత కొట్టే కొలను, రంగురంగుల జారుడుబండలు.

"సువార్తా, జర చూడు, పిల్లలకు ఎంత మంచిగున్నదో!" అన్నడు.

"ఆడుకునే జాగ మంచిగనే ఉన్నది. మన బిడ్డతోని ఆడేటోళ్ళు ఉంటరా గక్కడ?" అని అడిగిన.

ఆయన ఫోను పక్కన పెట్టిండు. "బిడ్డ బీమారి సంగతి ముందుగాల ఎవ్వరికి చెప్పొద్దు. ఇల్లు దొరికినంక చూద్దాం" అన్నడు. బిడ్డ మీద ప్రేమతోనే అన్నడు, నాకు తెలుసు. గని దాచిపెట్టి తెచ్చుకున్న ఇంట్ల మళ్ళ గదే గొళ్ళెం పెట్టుకొని బతకాలె గదా! గా పూట నేను మోకరించినప్పుడు, ఎన్నాళ్ళకో, నా నోట్లెకెళ్ళి పూర్తి ప్రార్థన వచ్చింది: "ప్రభువా, నేను దాచను. పోయిన ప్రతి గడపల నా బిడ్డ సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. విన్నంక కూడ ఏ తలుపు మూసుకోదో గదే నువ్వు మాకిచ్చిన ఇల్లు అనుకుంటా. అది చిన్నదైనా, పాతదైనా నాకు ఫికరు లేదు తండ్రీ." నా ఎనుకనుంచి మా ఆయన "ఆమేన్" అన్నడు. ఆయన వచ్చి నిలబడ్డ సంగతే నాకు తెల్వదు.

సామానంతా లారీల ఎక్కించి మేం రైలెక్కినం. దేశం ఆ కొసకెళ్ళి ఈ కొసకు! స్టేషను వచ్చినప్పుడల్లా కెజియా కిటికీకి మొఖం ఆనిచ్చి "మన ఊరు ఇదేనా అమ్మా?" అనేది, "ఇది కాదు బిడ్డా, దేవుడు చూపిస్తడు" అనేదాన్ని.

ముందు ఆ గేటెడ్ కాలనీకే పోయినం. వీడియోల చూసినదానికంటె అందంగున్నది. అసోసియేషన్ సారు మంచిగ మాట్లాడిండు, నీళ్ళిచ్చిండు, అంతా విని, "తప్పేం లేదమ్మా, ఉండండి, కాకపోతే పాపను మిగతా పిల్లలు ఆడే టైంలో కిందికి పంపకండి, తల్లిదండ్రులు కంప్లైంట్ చేస్తారు" అన్నడు. మా కెజియా జారుడుబండ దిక్కే చూస్తున్నది. మేం వందనం చెప్పి బయటికి వచ్చినం.

గక్కడికెళ్ళి మెదక్ పోయినం, గక్కడ మా ఆయనకు తెలిసినోళ్ళెవ్వరు లేరు. ఒక ఇంటాయన మాట విని ఇల్లు వేరేటోళ్ళకు చెప్పినమన్నడు, ఇంకో ఇంటామె మా కోడలు కడుపుతోని ఉన్నది, ఏమనుకోకు చెల్లే అన్నది. మా ఆయన మొఖం వాడిపోయింది. నేను లోపల లోపల "ప్రభువా, నేను చెప్తనే ఉన్న, నువ్వు వింటనే ఉన్నవా?" అని అడుగుతున్న. ఆఖరికి ఎండ దిగే వేళకు ఖిల్లా దిక్కు గల్లీల ఒక టైలరు ఇంటి పక్క పోర్షను ఖాళీగున్నదంటె పోయినం. టైలరు భార్య, పెద్దామె, హసీనా బేగం, గల్లీ అంతా ఆమెను ఖాలా, అంటె పిన్నమ్మ, అని పిలుస్తది. కుర్చీలేసి చాయ్ ఇచ్చింది. నేను చాయ్ ముట్టకముందే సంగతంతా చెప్పిన, ఎందుకంటె తాగినంక లేపితె ఇంకా బాధైతది.

ఆమె నా బిడ్డను దగ్గరికి పిలిచి, "నీ పేరేంది బేటీ? ఏం ఆట వస్తది నీకు?" అని అడిగింది.

సహోదరులారా, నా బిడ్డను ఏం రోగమని అడిగినోళ్ళున్నరు, ఏం మందని అడిగినోళ్ళున్నరు, ఏం ఆటని ఎవ్వరు అడగలే! కెజియా నా దిక్కు చూసి, "తాడాట" అన్నది చిన్నగ.

అప్పుడు ఖాలా నాతోని అన్నది, "మా చెల్లెకు గిదే ఉండె బేటీ. మా అమ్మీ లోకానికి భయపడి దాన్ని ఇంట్లనే పెట్టింది. కిటికీలకెళ్ళి గల్లీ చూసుకుంటనే పెరిగింది, ఒక్కనాడు దిగి ఆడలే, గట్లనే చచ్చిపోయింది. నీ బిడ్డను గల్లీల ఆడనిస్తనంటె ఇల్లు తీసుకో. లోపల పెట్టి తలుపేస్తనంటె నేను కిరాయికియ్య."

మా ఆయన మొఖం అటు తిప్పుకొని ఏడ్చిండు. నేను తలుపు మూసుకునే చప్పుడు కోసం చెవులు పెట్టి కూసున్న మనిషిని, ఇక్కడ తలుపు తీసే పెట్టాల్నని షరతు పెడుతున్నరు! నా దేవుడు ఎంత మంచోడు!

ఇల్లు దొరికింది గని నా భయం సామానుతోనే దిగింది. మధ్యాహ్నం దాటంగనే ఖాలా వచ్చి "బిడ్డను తోలు" అనేది, నేను ఇయ్యాల ఎండున్నది, రేపు చూద్దాం, జర జలుబున్నది అనేదాన్ని. ఆమె ఊకోలే. ఒకనాడు గల్లీ ఆడోళ్ళందర్ని, పిల్లల్ని తన గడప ముందట కూసోబెట్టి, "చెప్పు బేటీ, బిడ్డకు వస్తె మేమేం చెయ్యాలె?" అన్నది. ఎదురింటి లక్ష్మక్క, "చేతుల తాళంచెవి పెట్టాలె గదా?" అన్నది. "వద్దక్కా, ఏం పెట్టొద్దు, నోట్లె కూడ ఏం పెట్టొద్దు, గట్టిగ పట్టుకోవద్దు, పక్కకు తిప్పి పండబెట్టి తల కింద మెత్తటిది పెట్టుండ్రి, జరసేపట్ల గదే పోతది, ఆగకపోతె దవాఖానకు తీస్కపోవాలె" అని చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట పోతె, ఇన్నాళ్ళు నేనొక్కదాన్నే మోసిన బరువు పదిమంది చేతుల మీద పంచినట్టయింది.

కోతల సీజన్ వచ్చింది. మా ఆయన పొద్దుగాల పోతె పాపన్నపేట దిక్కు మిషన్ల కాడనే ఉంటుండె. గప్పుడే మన సంఘం స్త్రీల కూటానికి రమ్మని పిలిచిండ్రు. పోవాల్నా, వద్దా? గడప కాడ నిలబడి, "తండ్రీ, నువ్వు తెరిచిన తలుపును నేనే మూస్తున్న, నా చేతులు పట్టుకో" అని ప్రార్థించిన. బిడ్డ చేతికి తాడిచ్చి, గల్లీలకు తోలి, ఎనుకకు చూడకుండ ఇక్కడికి వచ్చిన.

పాట నడుస్తుంటె ఫోను మోగింది. ఖాలా!

"బేటీ, బిడ్డకు వచ్చింది, పోయింది కూడ. మంచిగున్నది, పండుకున్నది. ఉరకకు, మెల్లగ రా."

ఉరకకుండ ఎట్లుంటా! చెప్పులు కూడ మరిచి ఉరికిన. గల్లీ మలుపు తిరిగి చూద్దును గదా, సహోదరీలారా, గది నేను సచ్చేదాక మర్వ. నా బిడ్డ పక్కకు తిరిగి ఖాలా ఒళ్ళె తలపెట్టి పండుకున్నది. చుట్టు గల్లీ ఆడపిల్లలు దుపట్టాలు, లక్ష్మక్క ఒక పాత చీర పట్టుకొని పర్దా లెక్క నిలబడ్డరు, అందరు వీపులు బిడ్డ దిక్కు పెట్టి మొఖాలు బయటికి పెట్టిండ్రు. బిడ్డ ఫ్రాకు తడిసిందట, పొయ్యేటోళ్ళు వచ్చేటోళ్ళు చూడొద్దని! ఒక్క పిల్ల ఉరకలే. ఒక్క తల్లి బిడ్డను లాక్కోలే. గంతకుముందు నా బిడ్డ పడ్డప్పుడు అందరు ఎనుకకు పోయిండ్రు, ఇక్కడ అందరు దగ్గరికొచ్చి నిలబడ్డరు. నేను దుమ్ముల మోకరించిన, స్తోత్రం ప్రభువా, స్తోత్రం ప్రభువా అని అన్న.

కెజియా లేచి, బట్టలు మార్చుకొని, ఖాలా ఇచ్చిన పాలు తాగి, బయటికి చూసి, "అమ్మా, నా వంతు అయిపోయిందా, ఉన్నదా?" అని అడిగింది. పిల్లలు "ఉన్నది, ఉన్నది" అని అరిచిండ్రు. "రేపు ఆడుదువు గని, ఇయ్యాల పండుకో" అన్న, నవ్వుకుంట అన్న! గా పొద్దు నా గుండె దడ ఆగింది, మళ్ళ రాలే. దేవునికే మహిమ!

కొందరు నన్ను అడుగుతరు, అమ్మా, మరి రోగం మొత్తం పోయిందా అని. ఉన్నది ఉన్నట్టు చెప్తా. డాక్టరు చెప్పినట్టు గోలీలు వేస్తున్నం, ఇప్పుడు రావుడు మస్తు తగ్గింది, బిడ్డ బడికి పోతుంది, సండే స్కూల్ల పాటలు పాడుతుంది. మందులు ఆపి ప్రార్థన చెయ్యుండ్రని నేను ఎవ్వరికి చెప్పను, మందు కూడ ఆయన ఇచ్చిందే. గని నన్ను కట్టేసిన భయం ఉన్నది చూసిండ్రా, దాన్ని నా ప్రభువు తెంపిండు. ఇంకొందరు వాళ్ళ మతం వేరు గదా అంటరు. నాకు గంత పెద్ద సంగతులు తెల్వయి, నేను యేసయ్యను అడిగిన, ఆయన ఆ ఇంటి తలుపు తీపిచ్చిండు, గంతే తెలుసు. ఖాలా పేరు నా ప్రార్థనల పొద్దుమాపు ఉంటది.

మీలో ఎవరన్నా కొత్త ఊరికి పోవాల్నని ఇల్లు దేవులాడుతుంటె, నేను చెప్పేదొక్కటే. నల్లా, కరెంటు, బడి, దవాఖాన అన్ని చూసుకోండ్రి, తప్పక చూసుకోండ్రి. చూసినంక జరసేపు ఆ గల్లీల నిలబడుండ్రి, మీ ఇంటి కష్టం ఏదున్నదో గది నోరు తెరిచి చెప్పుండ్రి, దేవుడు మీకంటె ముందుగాల పోయి ఒక మనిషిని గక్కడ సిద్ధం చేసి పెడతడు. నా బోటిదానికి చేసినోడు మీకు చెయ్యడా!

ఇక్కడ కూసున్నోళ్ళల్ల, లేకుంటె మీ పక్కింట్ల, బిడ్డను లోపల పెట్టి తలుపేసుకున్న తల్లి ఎవరన్న ఉంటె, అమ్మా, నిన్ను నేనేం అనను, నీ గుండె నాకు తెలుసు. వచ్చే ఆదివారం ఆ బిడ్డను తోలుకొని రా. ఇక్కడ మందిరంల పడుతదేమో, అరుస్తదేమో అని ఫికరు చెయ్యకు. నేను నీ కోసం నా పక్కన జాగ ఉంచుతా, ఒక దుప్పటి కూడ తెచ్చి పెడుతా. రా తల్లీ, ప్రభువు నీ బిడ్డ కోసం కూడ ఎదురుచూస్తుండు. ఆమేన్.